పాత రేసు సైకిలు కొంటున్నారా? ముందు ఫ్రేము లోహం చూడండి

మామిడిపల్లి (శంషాబాద్): శంషాబాద్ విమానాశ్రయం 2008లో ప్రారంభమయ్యాక మామిడిపల్లి పరిసరాల రహదారుల రూపురేఖలు మారిపోయాయి. ఈ దారుల్లో సైకిలు తొక్కాలన్న ఉత్సాహం ఉన్నా కొత్త రేసు సైకిలు ధర విని వెనుకంజ వేసేవారు పాతవాటి వైపు మొగ్గుచూపడం సహజం. అయితే వంపు హ్యాండిల్, మెరిసే రంగు చూసి బేరం కుదుర్చుకునే ముందు ఫ్రేము ఏ లోహమో తేల్చుకోవడం అవసరం. రేపు అది చిట్లితే అతుకు పడుతుందా, పాత సామానుకు పోతుందా అన్నది దానిపైనే ఆధారపడి ఉంటుంది.

పాత ఇనుము కొనేవారి పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. పాడైన స్పీకరులోని అయస్కాంతాన్ని గొట్టానికి ఆనిస్తే అతుక్కున్నది ఉక్కు. అతుక్కోకుండా, గొట్టాలు లావుగా ఉండి కీళ్ల వద్ద వెల్డింగు వరుసలు ఉబ్బెత్తుగా కనిపిస్తే చాలావరకు అల్యూమినియమే. ముందు ఫోర్కును విడిగా పరీక్షించాలి. అల్యూమినియం ఫ్రేముకు ఉక్కు ఫోర్కు బిగించినవి కోకొల్లలు.

ఏ ఉక్కు?

అసలు చిక్కు ఇక్కడే. చౌక సైకిళ్లకు మామూలు కార్బన్ ఉక్కు, మేలైనవాటికి క్రోమియం-మాలిబ్డినం కలిసిన క్రోమోలీ వాడేవారు. రెండింటి సాంద్రత దాదాపు ఒకటే. క్రోమోలీ బలం ఎక్కువ కనుక గొట్టం గోడను పలుచగా చేయవచ్చు, బరువు తగ్గేది అందువల్లనే. ఈ తేడాను సీటు పిల్లరు పట్టిస్తుంది. సీటు గొట్టం బయటి కొలత మామూలుగా 28.6 మి.మీ. పిల్లరు 27.2 మి.మీ. ఉంటే గోడ మందం 0.7 మి.మీ. మించదు, అది మేలు రకం. 25.4 మి.మీ. ఉంటే మందం 1.6 మి.మీ. వరకు ఉండవచ్చు, అది చౌక రకం. వెర్నియర్ కాలిపర్స్ ఉంటే నిమిషం పని.

స్టిక్కర్లను గుడ్డిగా నమ్మరాదు. 4130 అంటే క్రోమోలీయే గానీ, మూడు ప్రధాన గొట్టాలకే అని చిన్న అక్షరాల్లో రాసి ఉండవచ్చు. 1935లో ఇంగ్లండులో వచ్చిన రేనాల్డ్స్ 531 మాంగనీసు-మాలిబ్డినం ఉక్కు. ఇక ఫోర్కు కొసన తళతళలాడే క్రోము పూతకూ క్రోమోలీకీ ఏ సంబంధమూ లేదు. అమ్మేవారు ఈ రెండింటినీ కలిపేయడం కద్దు.

వెల్డింగుతో జాగ్రత్త

మామూలు ఉక్కు ఫ్రేము విరిగితే గ్యాసు మంటతో ఇత్తడి పోసి అతికించవచ్చు. పలుచని క్రోమోలీపై కరెంటు వెల్డింగు చేస్తే గొట్టానికి చిల్లు పడవచ్చు, లేదా అతుకు పక్కన పెళుసుబారి అక్కడే మళ్లీ విరగవచ్చు. అల్యూమినియానికి వెల్డింగు తరువాత ప్రత్యేక ఉష్ణచర్య లేకుంటే తొలి బలం తిరిగి రాదు కనుక, పగులు కనిపించిన ఫ్రేమును కొనకపోవడమే మేలు. ఏ లోహమైనా సరే, హ్యాండిల్ కింది గొట్టం వెనుక వైపు రంగు చిట్లి ముడత పడి ఉంటే ఆ సైకిలు ఎదురుగా దేన్నో గట్టిగా ఢీకొన్నదని అనుమానించాలి.