పోస్ట్‌మోడర్నిజం: కూలింది కాంక్రీటా, నమ్మకమా?

1972 మార్చి. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో పదకొండు అంతస్తుల బిల్డింగు ఒకదాన్ని పేలుడు పదార్థాలు పెట్టి క్షణాల్లో నేలమట్టం చేశారు. అదేమీ పాతబడి పడిపోయే స్థితికి వచ్చింది కాదు. కట్టి ఇరవై ఏళ్లు కూడా కాలేదు. పేదల కోసం ప్రభుత్వమే కట్టించిన ప్రూయిట్-ఐగో అనే కాలనీలో అదొకటి. అలాంటివి అక్కడ మొత్తం 33 ఉండేవి. 1976 కల్లా ఒక్కటీ మిగల్లేదు.

ఐదేళ్ల తర్వాత, 1977లో, చార్లెస్ జెంక్స్ అనే రచయిత ఈ కూల్చివేతను చూపించి పెద్ద మాటే అన్నాడు. 1972 జులై 15 మధ్యాహ్నం 3 గంటల 32 నిమిషాలకు మోడర్న్ ఆర్కిటెక్చర్ చచ్చిపోయిందన్నాడు. ఆ టైము తాను కల్పించిందేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. అయినా ఆ మాట నిలబడిపోయింది. పోస్ట్‌మోడర్నిజం, అంటే ఆధునికోత్తరవాదం, కథ చాలా పుస్తకాల్లో ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఇంతకీ చచ్చింది ఏంటి? దాని స్థానంలో వచ్చింది ఏంటి?

మోడర్నిజం ఏం చెప్పింది?

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్‌లో లక్షల మంది కార్మికులు గాలీ వెలుతురూ లేని ఇరుకు గదుల్లో బతుకుతున్నారు. మరోవైపు ధనవంతుల భవనాలకు స్తంభాలు, బొమ్మలు, లతలు, నగిషీలు. ఈ అలంకారం మీద పెట్టే డబ్బు, శ్రమ వృథా అని కొందరు ఆర్కిటెక్టులు వాదించారు. వియన్నాకు చెందిన అడాల్ఫ్ లూస్ అయితే అలంకారాన్ని నేరంతో పోల్చాడు. 1919లో జర్మనీలో వాల్టర్ గ్రోపియస్ మొదలుపెట్టిన బౌహౌస్ పాఠశాల కళను ఫ్యాక్టరీతో కలపాలని చూసింది. ఫ్రాన్స్‌లో లె కోర్బుజియే ఇంటిని జీవించడానికి పనికొచ్చే యంత్రం అన్నాడు. మన దేశంలో చండీగఢ్ నగరానికి ప్లాన్ ఇచ్చింది ఆయనే.

వాళ్ల ఉద్దేశం మంచిదే. గాజు, ఉక్కు, కాంక్రీటుతో తక్కువ ఖర్చులో అందరికీ శుభ్రమైన ఇల్లు. ఏ దేశమైనా, ఏ మతమైనా, ఏ వాతావరణమైనా ఒకటే పద్ధతి. చిత్రకళలోనూ ఇదే ధోరణి నడిచింది. మాండ్రియన్ బొమ్మల్లో నిలువు గీతలు, అడ్డ గీతలు, రెండు మూడు రంగులే మిగిలాయి. బొమ్మ కథ చెప్పక్కర్లేదు, రంగూ గీతా చాలు అన్నారు.

చిక్కు ఎక్కడొచ్చింది?

1950ల నాటికి అమెరికాలో ఈ పేదల ఇంటి శైలి పెద్ద కంపెనీల ఆఫీసు శైలి అయిపోయింది. ఏ ఊరు చూసినా అవే గాజు పెట్టెలు. న్యూయార్క్‌లో 1958లో పూర్తయిన సీగ్రమ్ బిల్డింగునే తీసుకోండి. మీస్ వాన్ డెర్ రో దాన్ని డిజైన్ చేశాడు. నిప్పు నుంచి రక్షణ కోసం లోపలి ఉక్కును కాంక్రీటుతో కప్పాల్సి వచ్చింది. అప్పుడు లోపలి నిర్మాణం బయటికి కనిపించాలని గోడల మీద కంచు దూలాలు అతికించాడు. అవి బరువు మోయవు. అలంకారం వద్దన్నవాళ్లు కూడా అలంకారమే చేశారన్నమాట.

ఈ వైరుధ్యాన్ని రాబర్ట్ వెంచురి పట్టుకున్నాడు. 1966లో వచ్చిన తన పుస్తకంలో సాదాతనం విసుగు పుట్టిస్తుందని ఎగతాళి చేశాడు. మనుషుల జీవితంలో గందరగోళం ఉంటుంది, కట్టడంలోనూ ఉండనివ్వండి అన్నది ఆయన వాదన. ఫిలడెల్ఫియాలో 1964లో వాళ్లమ్మకు కట్టించిన ఇంట్లో ఎక్కడికీ వెళ్లని మెట్లు కూడా ఉన్నాయి, పైకెక్కితే గోడే ఎదురొస్తుంది. తర్వాత డెనిస్ స్కాట్ బ్రౌన్, స్టీవెన్ ఐజెనూర్‌తో కలిసి లాస్ వేగాస్ సైన్‌బోర్డుల నుంచి కూడా నేర్చుకోవచ్చని 1972లో ఇంకో పుస్తకం రాశాడు. జనం ఇష్టపడేదాన్ని చిన్నచూపు చూడకండి అన్నది దాని సారాంశం.

అలా పాత స్తంభాలు, కమానులు, రంగులు తిరిగొచ్చాయి. కాకపోతే కొంచెం నవ్వుతూ వచ్చాయి. న్యూ ఆర్లీన్స్‌లో చార్లెస్ మూర్ 1978లో కట్టిన పియాజా డిటాలియాలో రోమన్ స్తంభాలకు నియాన్ లైట్లు పెట్టారు. న్యూయార్క్‌లో ఫిలిప్ జాన్సన్ 1984లో ఏటీ అండ్ టీ కంపెనీ ఆకాశహర్మ్యానికి పాతకాలపు చెక్క బీరువాకు ఉండేలాంటి శిఖరం పెట్టాడు. 1932లో అదే నగరంలో మోడర్న్ శైలిని ప్రపంచానికి పరిచయం చేసిన ఎగ్జిబిషన్ నిర్వాహకుల్లో ఈ జాన్సన్ ఒకడు!

బొమ్మల్లో ఏం జరిగింది?

కళాకారుడు ప్రత్యేకమైన మనిషి, అతని చేతి గీత పవిత్రమైనది అనే నమ్మకం మీద దెబ్బ పడింది. ఆండీ వార్హోల్ 1962లో సూపు డబ్బాల బొమ్మలు 32 పెట్టాడు, కంపెనీ అమ్మే ఒక్కో రకానికి ఒక్కోటి. 1981లో షెరీ లెవీన్ ఇంకో అడుగు ముందుకేసింది. 1930లలో వాకర్ ఎవాన్స్ అలబామా కౌలు రైతు కుటుంబాలను తీసిన ఫోటోలను పుస్తకంలోంచి మళ్లీ ఫోటో తీసి తన పేరుతో ప్రదర్శించింది. దొంగతనమా, కళా? అసలైనది ఏది, యజమాని ఎవరు అని అడగడమే ఆమె ఉద్దేశం. ఆ కౌలు రైతుల పేదరికం మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న కూడా అందులోనే ఉంది.

మళ్లీ ప్రూయిట్-ఐగో దగ్గరికి

ఆ కాలనీని నిజంగా చంపింది డిజైనేనా? ఆర్కిటెక్టు మినోరు యమసాకి ఎత్తువి, తక్కువ ఎత్తువి కలిపి కట్టాలని మొదట ప్రతిపాదించాడు. ఖర్చు ఎక్కువని అధికారులు ఒప్పుకోలేదు. ఆటస్థలాలు, కింది అంతస్తులో మరుగుదొడ్లు ఎగిరిపోయాయి. లిఫ్టు ప్రతి అంతస్తులో కాకుండా మూడేసి అంతస్తులకు ఒకసారే ఆగేది. నగరం పెరుగుతుందనుకుంటే తగ్గిపోయింది, 1950లో ఎనిమిదిన్నర లక్షలున్న జనాభా 1970కి ఆరు లక్షల ఇరవై వేలకు పడిపోయింది. తెల్లవాళ్లు శివార్లకు వెళ్లిపోయారు, ఉద్యోగాలూ వెళ్లాయి. మిగిలింది నల్లజాతి పేద కుటుంబాలు. రిపేర్లన్నీ వాళ్లు కట్టే అద్దెల్లోంచే చేయాలి. ఇళ్లు ఖాళీ అయ్యేకొద్దీ అద్దె తగ్గింది, లిఫ్టులు ఆగాయి, పైపులు పగిలాయి. 1969లో అద్దెలు కట్టబోమని జనం సమ్మె చేశారు కూడా. కాథరిన్ బ్రిస్టల్ అనే పరిశోధకురాలు 1991లో ఇదంతా వివరించి, నేరమంతా డిజైన్ మీద తోయడం ఒక కట్టుకథ అని చెప్పింది.

ఇక్కడే పోస్ట్‌మోడర్నిజం బలహీనత కూడా తెలుస్తుంది. మోడర్నిజం అహంకారాన్ని అది బాగానే బయటపెట్టింది. అందరికీ ఒకే సమాధానం సరిపోదని నేర్పింది. కానీ దాని పేరున్న కట్టడాల్లో కంపెనీ ఆఫీసులు, ప్రదర్శనశాలలే ఎక్కువ. పేదవాడి ఇల్లు ఎలా ఉండాలన్న పాత ప్రశ్నను అది పెద్దగా పట్టించుకోలేదు. 1973 జనవరిలో నిక్సన్ ప్రభుత్వం కొత్త సబ్సిడీ ఇళ్ల పథకాలను ఆపేసింది.

ఆ ప్రశ్నను వదలనివాళ్లూ ఉన్నారు. 1930లో సికింద్రాబాద్‌లో పుట్టిన చార్లెస్ కొరియా ఒకరు. ఏ లేబుల్ కిందా ఆయన పూర్తిగా ఇమడరు. జైపూర్‌లో జవహర్ కళా కేంద్రాన్ని నవగ్రహాల పేరుతో తొమ్మిది చదరాలుగా కట్టి, పాత నగరపు ప్లాన్‌ను గుర్తుచేశారు. నవీ ముంబైలోని బేలాపూర్‌లో 1980లలో ఆయన కట్టిన ఇళ్లకు ఉమ్మడి గోడలు లేవు. ఎవరి ఇంటిని వాళ్లు అవసరాన్ని బట్టి పెంచుకునే వీలు ఉంచారు. అందరికీ ఇల్లు అన్నది మోడర్నిజం ఆశయం. ఎవరికి నచ్చినట్టు వాళ్ల ఇల్లు అన్నది దాని తర్వాత వచ్చిన పాఠం. ఈ రెండూ ఒకే చోట కలవడం సాధ్యమేనని బేలాపూర్ చూపించింది.