పాటకు అడ్డుపడే నాలుక: బిగువు తగ్గించేదెలా?

పరిపాఠ్‌లో జాతీయగీతం చివరికొచ్చి స్వరం పైకెక్కగానే కొందరు పిల్లల గడ్డం ముందుకు సాగుతుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, గొంతు నొక్కినట్టు వినిపిస్తుంది. 'వీడికి గొంతు లేదు' అనే మాట ఆ క్షణంలోనే పడిపోతుంది. ఆ తర్వాత ఆ పిల్లవాడు పెదవులు మాత్రం కదిపి ఊరుకుంటాడు.

మన నాందేడ్ జిల్లాలో ఇది చిన్న నష్టం కాదు. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ప్రాంతం మనది. బిలోలి, దెగ్లూర్, ధర్మాబాద్ వైపు ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, స్నేహితులతో హిందీ. పిల్లలు తెలుగును నోరారా పలికే కొద్ది సందర్భాల్లో పాట ఒకటి. అది మానేస్తే ఆ మేరకు భాషా దూరమవుతుంది. నిజానికి చాలాసార్లు లోపం గొంతులో ఉండదు, నాలుక బిగువులో ఉంటుంది.

ఎందుకు బిగుస్తుంది?

నాలుక మొదలు హయాయిడ్ అనే గుర్రపునాడా ఆకారపు ఎముకకు అంటుకుని ఉంటుంది. స్వరపేటిక వేలాడేది ఆ ఎముకకే. నాలుక వెనక్కి ముడుచుకుంటే స్వరపేటిక స్వేచ్ఛగా కదలలేదు. శబ్దం మోగాల్సిన చోటూ ఇరుకవుతుంది. 'ఇంకా గట్టిగా' అని గద్దించినా, పెద్దల శ్రుతిలో పాడించినా ఈ బిగువు పెరుగుతుంది. అందుకే ముందు పిల్లలకు హాయిగా ఉండే శ్రుతి చూసుకోవాలి.

గుర్తుపట్టడం ఇలా

గడ్డం కింద మెత్తని చోట బొటనవేలు ఆనించి గుటక వేయమనండి. అక్కడి కండ గట్టిపడి కిందికి నెడుతుంది. ఇప్పుడు 'ఆ' అని సాగదీయమనండి. ఆ చోటు మెత్తగానే ఉంటే మంచిది. గుటకలో లాగే గట్టిపడితే నాలుక బిగిసిందన్నమాట.

ఐదు నిమిషాల సాధన

* నాలుక కొన కింది పళ్ల వెనక ఆనించి, ఆవులింత మొదలైనట్టు నోరు తెరిచి, మెల్లగా 'ఆ' అనాలి.
* 'లలలలా' అని ఒకే స్వరంలో పలకాలి. దవడ కదలకూడదు, నాలుక కొన మాత్రమే ఆడాలి.
* పెదవులు మూసి 'మ్' అని కూనిరాగం తీసి, దాన్నే 'మా'లోకి వదలాలి.
* సరళీ స్వరాలు ముందు స్వరాక్షరాలతో, తర్వాత అకారంతో పాడించాలి. స, రి, ద, నిలకు నాలుక ముందుభాగం పనిచేస్తుంది, గకు వెనకభాగం. మ, పలు పెదవులవి. అకారంలో నాలుకకు ఆ పరుగు ఉండదు కాబట్టి బిగువు ఉంటే ఇట్టే తెలుస్తుంది.

'ళ', 'ణ' పలికేటప్పుడు నాలుక పైకి మడత పడుతుంది. అక్షరాన్ని తేలిగ్గా తాకి వెంటనే అచ్చులోకి రావాలి. స్వరం సాగాల్సింది అచ్చు మీదే.

మరాఠీ పాటకూ ఇదే సాయం

2023లో రాష్ట్రగీతమైన 'జయ జయ మహారాష్ట్ర మాఝా'లో 'ఝా' దగ్గర మన పిల్లలు తడబడుతుంటారు. రాసినట్టే చదివి నాలుకను అంగిలికి గట్టిగా అదుముతారు. మరాఠీవాళ్లు అక్కడ నాలుక కొనను పైపళ్ల దగ్గరకే తెస్తారు. ఇంట్లో 'జొన్నరొట్టె' అన్నప్పుడు పలికే 'జ' దానికి దగ్గరి ధ్వనే. ఆ మాట పలికించి, తర్వాత పాటలోకి తీసుకెళ్తే సులువుగా వస్తుంది.

జాగ్రత్తలు

నాలుకను వేళ్లతో లాగడం, చెంచాతో నొక్కడం వద్దు. నొప్పి వస్తే ఆపేయాలి. గొంతు బొంగురు రెండు మూడు వారాలైనా తగ్గకపోయినా, నాలుక కింది తంతువు పొట్టిగా ఉండి నాలుక బయటికి రాకపోయినా చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. గ్యాదరింగ్ దగ్గరపడ్డాక రోజంతా పాడించే కన్నా, ఇప్పటినుంచే రోజూ ఐదు నిమిషాలు పక్కన కూర్చుని ఒక తెలుగు పాట మెల్లగా పాడించండి. బాగా పాడుతున్నాడా లేదా అన్నది తర్వాత చూద్దాం, ముందు నోరు విప్పి పాడనిద్దాం.