కారుమీద సైకిలు

ఆదివారము తెల్లవారుజామున హైదరాబాదు నగరపు పడమటి వీథులలో సైకిళ్ళను మోసికొని పోవు కార్లు కనబడుచుండును. త్రొక్కవలసిన సైకిలు కారెక్కి పోవుట చూచువారికి వింతగా తోచునుగాని, దానికి తగిన కారణము లేకపోలేదు. 2023 అక్టోబరులో నార్సింగి, కొల్లూరు, నానక్‌రామ్‌గూడ ప్రాంతములలో అవుటర్ రింగురోడ్డు ప్రక్కను 23 కిలోమీటర్ల సైకిలుబాటను ప్రారంభించిరి. ఎండ తగులకుండ పైన సౌరఫలకముల కప్పు కలదు. నగరమున రెండవ కొసనున్న కుటుంబము పిల్లలతో ఆ రద్దీ నంతయు సైకిలుపై దాటి ఆ బాటను చేరుట సాధ్యము కాదు. కావున సైకిళ్ళను కారునకు కట్టుకొని పోవుచున్నారు.

కట్టుట ఎట్లన్నదే ప్రశ్న. సైకిలు బియ్యపుబస్తా వంటిది కాదు. బస్తా తన బరువుచే తాను కూర్చుండును. సైకిలునకు చక్రములు తిరుగును, హ్యాండిలు మెలితిరుగును, గాలి పట్టును. దానిని పట్టి నిలుపు సాధనమునే ర్యాకు అందుము. సైకిలును ర్యాకు మోయును, ర్యాకును కారు మోయును. ఈ రెండు అతుకులలో ఏది బలహీనమో కట్టు అంతటి బలము దానిదే. ర్యాకు కొనువారును వాడువారును ఈ మాటను మరువరాదని మా మనవి.

ముందుగా ర్యాకు అవసరమా యని ఆలోచింపవలెను. సైకిలు ఒక్కటే యైనచో వెనుకసీటును మడచి, సైకిలు ముందుచక్రమును ఊడదీసి, కారులోపలనే పెట్టవచ్చును. ఖర్చు లేదు, దొంగల భయము లేదు. ఐనను లోపలి సైకిలును సయితము బెల్టుతో బిగింపవలెను; లేనిచో గట్టిగా బ్రేకు వేసినపుడు అది ముందుసీటువారిమీదికి దూకును. రెండు మూడు సైకిళ్ళున్న ఇంటికే ర్యాకుతో నిజమైన పని.

ర్యాకులు ముఖ్యముగా మూడు తెగలు. మొదటిది డిక్కీకి బెల్టులతో తగిలించునది. ధర తక్కువ, పని ముగిసిన పిమ్మట మడచి లోపల దాచవచ్చును. కాని దాని కొక్కెములు డిక్కీ తలుపుయొక్క లోహపు అంచును పట్టవలెనుగాని, అద్దమునుగాని, అలంకారమునకై అమర్చిన ప్లాస్టిక్ రెక్కనుగాని పట్టరాదు. ఏయే కార్లకు తమ ర్యాకు సరిపడునో తయారీదారులు జాబితా ఇత్తురు. అందులో మన కారు పేరు లేనిచో అంగడివాడు ఎంత చెప్పినను కొనకుండుట మేలు. స్టెప్నీ చక్రము వెనుక తలుపుమీద నుండు జీపు తరహా బండ్లకు, ఆ చక్రమునకే బిగించు ర్యాకులు వేరుగా దొరకును.

రెండవది కారు కప్పుపై బిగించునది. దీనివలన వెనుకదీపములు మరుగుపడవు, డిక్కీ తెరచుకొనుటకు అడ్డముండదు. ఐతే ప్రతి సైకిలును తలపైకి ఎత్తవలెను. ఎత్తు విషయమున మరియొక చిక్కు కలదు. కారు మీటరున్నర, దానిపై నిలిపిన సైకిలు మీటరు. వెరసి రెండున్నర మీటర్లు. అపార్టుమెంట్ల సెల్లారు ద్వారములలో పెక్కింటికి అంత ఎత్తు లేదు. అలసి ఇల్లు చేరినవారు పైనున్న సైకిలును మరచి నేరుగా సెల్లారులోనికి పోయినచో, సైకిలు, ర్యాకు, కారు కప్పు మూడును ఒక్కసారే చెడును. స్టీరింగు దగ్గర ఒక గుర్తుచీటి అంటించుకొనుట చిన్న ఉపాయమే యైనను పెద్ద నష్టమును తప్పించును.

మూడవది, ట్రెయిలరును లాగుటకై కారు అడుగున చట్రమునకు బిగించు ఉక్కు కొక్కెమునకు తగిలించునది. ఎత్తుట తేలిక, పట్టు గట్టిది; బరువైన విద్యుత్ సైకిళ్ళకు ఇదియే అనుకూలము. కాని మన దేశమున పెక్కు కార్లకు ఆ కొక్కెము ఉండదు. వెల్డింగు దుకాణములో అందాజుగా చేయించినదానిని నమ్మి పిల్లల సైకిళ్ళనైనను వ్రేలాడదీయరాదు.

ఇక బరువు లెక్క. మామూలు ఉక్కు సైకిలు 15 నుండి 20 కిలోలు, విద్యుత్ సైకిలు 20 నుండి 25 కిలోలు తూగును. కారు కప్పు మోయగల బరువు పెక్కు కార్లకు 50 నుండి 75 కిలోలవరకే. ఆ సంఖ్య కారుతో ఇచ్చిన పుస్తకములో చూడవలెను. అందులో సైకిళ్ళ బరువేకాక ర్యాకు బరువు, దానిని నిలుపు అడ్డుకడ్డీల బరువు కూడ చేరును. కారు పరిమితి, ర్యాకు పరిమితి అను రెంటిలో ఏది తక్కువో దానినే పాటింపవలెను. విద్యుత్ సైకిలు బ్యాటరీని తీసి కారులో పెట్టినచో కొన్ని కిలోలు తగ్గును.

కట్టునపుడు బరువైన సైకిలును కారునకు దగ్గరగాను, తేలికదానిని వెలుపలను ఉంచవలెను. ఒకదాని హ్యాండిలు కుడికి, రెండవదానిది ఎడమకు త్రిప్పినచో రెండును ఒరసికొనవు. పైకడ్డీలేని లేడీసు సైకిలును చట్రముపట్టి వ్రేలాడదీయు ర్యాకుపై పెట్టుటకు సీటునుండి హ్యాండిలువరకు అడ్డముగా బిగించు కడ్డీ యొకటి వాడుదురు. ముందుచక్రము తిరుగకుండ చట్రమునకు కట్టవలెను. నీళ్ళసీసా, పంపు, పిల్లల సీటు తీసివేయవలెను. సాగెడు రబ్బరు త్రాళ్ళు ఈ పనికి పనికిరావు. ఎండకు పెళుసెక్కిన బెల్టు చూపునకు బాగున్నను తెగును, దానిని మార్చవలసినదే. సైలెన్సరు గొట్టమునకు ఎదురుగా టైరు ఉండరాదు. ఆ వేడికి రబ్బరు కరగును. అంతయు ముగిసిన పిమ్మట సైకిలును పట్టి గట్టిగా ఊపి చూడుడు. కారుకూడ దానితోపాటు ఊగినచో కట్టు సరియైనది. సైకిలు ఒక్కటే ఊగినచో మరల బిగింపవలెను.

చట్టము మాటయు కలదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారము నంబరు ప్లేటు స్పష్టముగా కనబడవలెను. వెనుకదీపములు మరుగుపడుట మరింత అపాయము. సరకు అనుమతించిన హద్దు దాటి ప్రక్కలకుగాని, వెనుకకుగాని, ఎత్తునకుగాని పొడుచుకొనివచ్చినచో 20,000 రూపాయల జరిమానా విధించు సవరణ 2019లో చట్టమున చేరినది. కావున బయలుదేరుటకు పూర్వము పది అడుగులు వెనుకకు నడచి, దీపములు వేయించి, వెనుకవచ్చువారి కన్నులతో మన కారును చూడవలెను.

దారిలో పది పదునైదు కిలోమీటర్లు పోయిన పిమ్మట ఒకసారి ఆగి బెల్టులు చూడవలెను. క్రొత్తగా కట్టినవి కుదుపులకు సడలును. గాలి తాకిడి వేగముతో సమానముగా పెరుగదు. వేగము రెట్టింపైన తాకిడి నాలుగు రెట్లగును. అవుటర్ రింగురోడ్డుపై గరిష్ఠవేగమును 2023లో 120 కిలోమీటర్లకు పెంచిరి. ఆ అనుమతి సైకిళ్ళు కట్టిన కారునకు ఆజ్ఞ కాదు. 60 వేగమున నిలిచిన బెల్టుపై 120 వేగమున నాలుగింతల ఒత్తిడి పడును. ర్యాకుపై వ్రాసిన వేగమును మించరాదు. గుంతలకడ, స్పీడు బ్రేకర్లకడ అంతకంటెను నెమ్మదిగా పోవలెను.

ఇన్ని జాగ్రత్తలు మన సైకిలుకొరకే యనుకొనరాదు. సైకిలు పోయినచో మరియొకటి కొనవచ్చును. మన దేశమున 2022లో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములపై పోవువారు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో 22 మీటర్లు నడచును. మన కారునుండి ఊడిన సైకిలు నడిరోడ్డున పడినపుడు, వెనుక మోటారుసైకిలుపై వచ్చువాడు తప్పించుకొనుటకు అతనికి దొరకు వ్యవధి అంతే. అతడెవరో మనకు తెలియదు. మన బెల్టు సంగతి అతనికిని తెలియదు. దానిని చూచుకొనవలసినవారము మనమే.