మట్టం అనే డబ్బా

కంప్యూటరు పాఠంలో వేరియబుల్ అనగానే నాకూ భయమేసింది. అది పేరు రాసిన డబ్బా, అంతే. మన వంటగదిలో పప్పు డబ్బా పేరు మారదు, లోపలి పప్పే రోజూ మారుతుంది గదా!

ధవళేశ్వరం దగ్గర గోదారి నీళ్లు చూడండి. డబ్బా పేరు 'మట్టం'. 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. 2022 జూలైలో మూడోది కూడా దాటింది.

డబ్బాలో ఉన్నదాన్ని బట్టి దాని రకం:
1. ఊరి పేరు – అక్షరాలు (స్ట్రింగ్)
2. పడవలు 4 – పూర్ణసంఖ్య (ఇంటిజర్)
3. మట్టం 11.75 – దశాంశం (ఫ్లోట్)
4. హెచ్చరిక ఇచ్చారా? – అవును, కాదు (బూలియన్)

ఇప్పుడు నా తప్పు చెప్తాను. పైథాన్‌లో 11.75కి 2 కలిపాను. 11.752 వచ్చింది! రెండు అంకెలకీ కొటేషన్ గుర్తులు పెట్టేశాను. అలా పెడితే కంప్యూటరు అంకెల్ని కూడా అక్షరాలే అనుకుని పక్కపక్కన అతికిస్తుంది. గుర్తులు తీసేస్తే 13.75 వచ్చింది. అంటే రెండో హెచ్చరిక! నా తప్పు లెక్కని నమ్మితే ఊరు ఖాళీ చేసేవాళ్లు కాదు.

మా అమ్మకి చదువు రాదు. వరదొస్తే నీళ్ల అంచున పుల్ల గుచ్చుతుంది. నీళ్లు పెరిగితే తీసి పైన గుచ్చుతుంది. సెలవుల్లో ఈ పాఠం చెప్తే, "ఓసి పిల్లా, నా పుల్లే గదే మీ డబ్బా!" అంది.

తప్పులుంటే చెప్పండి.
– తొమ్మిదో తరగతి అమ్మాయి