లెక్క చెప్పారు... గని నిలిచింది!

పొద్దు పొడవకముందే సైరన్ మోగేది. బెల్లంపల్లి బస్తీల్లో ఒక్కో ఇంట్లో లైటు వెలిగేది. టిఫిన్ డబ్బా పట్టుకుని కార్మికులు బాయి దారి పట్టేవారు. 1920ల చివర్లో ఇక్కడ బొగ్గు తవ్వకం మొదలైంది. అప్పట్నుంచీ ఊరికి తెలిసిన గడియారం ఆ సైరనే.

తొంభైల్లో మాత్రం సైరన్ మోగినా బాయి నడుస్తుందన్న నమ్మకం లేదు. ఒక్క 1991-92లోనే సింగరేణిలో నాలుగు వందలకు పైగా సమ్మెలు జరిగాయి. 1992లో ఓసారి, 1996లో మరోసారి సంస్థ ఖాయిలా పరిశ్రమల బోర్డు (బీఐఎఫ్ఆర్) గడప తొక్కింది. పేరుకున్న నష్టాలు 1,200 కోట్ల రూపాయలు దాటాయి. కంపెనీ మూతపడితే..? కార్మికవాడల్లో ఇదే దిగులు.

బాయి దగ్గరికే అధికారులు

1997లో సీఎండీగా వచ్చిన ఏపీవీఎన్ శర్మ ముందుగా చేసిన పని... ఉన్నదున్నట్టు చెప్పడం! వేర్వేరు విభాగాల అధికారులు బృందాలుగా గనుల మీదికి వెళ్లారు. టన్ను బొగ్గు తీయడానికి ఎంతవుతోంది, అమ్మితే ఎంతొస్తోంది, అప్పెంత... అన్నీ కార్మికుల ముందు పెట్టారు. 1998లో గుర్తింపు సంఘాన్ని రహస్య ఓటుతో ఎన్నుకునే పద్ధతి వచ్చింది. మాట్లాడాల్సింది ఎవరితోనో యాజమాన్యానికి స్పష్టమైంది. కేంద్రం వడ్డీ భారం తగ్గించింది. సమ్మెలు తగ్గాయి, ఉత్పత్తి పెరిగింది, సంస్థ లాభాల బాట పట్టింది.

1999-2000 నుంచి లాభాల్లో కార్మికులకు వాటా ఇవ్వడం మొదలైంది. అప్పుడది 10 శాతం. 2024లో 33 శాతానికి చేరింది. ఆ ఏడాది కాంట్రాక్టు కార్మికులకూ తొలిసారి తలా 5 వేల రూపాయలు అందాయి. దసరా ముందు చేతికందే ఈ డబ్బు కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తారు.

మిగిలిన బాకీ

అయితే, గట్టెక్కిన ఖర్చు అందరూ సమానంగా మోయలేదు. ఒకప్పుడు లక్ష దాటిన కార్మికుల సంఖ్య 40 వేల దరిదాపులకు తగ్గింది. ఓపెన్‌కాస్టులు, యంత్రాలు పెరిగాయి. బెల్లంపల్లి చుట్టూ పాత భూగర్భ గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. 'బెల్లంపల్లి ఏరియా' అన్న పేరు మిగిలింది గానీ, దాని జీఎం ఆఫీసు ఉన్నది గోలేటిలో!

నష్టం వచ్చినప్పుడు కార్మికుడిని కూర్చోబెట్టి లెక్క చెప్పిన సంస్థ సింగరేణి. గని మూసేటప్పుడు ఊరికి కూడా అలాగే లెక్క చెప్పాలి కదా! బెల్లంపల్లి అడుగుతున్నది అదే.