ఉక్కు పలికే సాక్ష్యం

శబ్దం ఆకాశ గుణమని మన ప్రాచీన తార్కికులు సిద్ధాంతీకరించారు. ఒకచోట పుట్టిన శబ్దం చెవిని ఎట్లా చేరుతుందన్న ప్రశ్నకు వారు రెండు దృష్టాంతాలు చూపారు. కొలనులో అల వెంట అల పుట్టి ఒడ్డు చేరినట్లు శబ్దం వ్యాపిస్తుందనడం వీచీతరంగ న్యాయం. కడిమి మొగ్గ ఒక్కసారిగా అన్నివైపులా విచ్చుకొన్నట్లు శబ్దం దశదిశలా ప్రసరిస్తుందనడం కదంబముకుల న్యాయం. శబ్దాన్ని మోసేది ఆకాశం కాదనీ, గాలి వంటి పదార్థమేననీ ఆధునిక విజ్ఞానం నిరూపించింది. అయినా అది అలగా పుట్టి అన్ని దిక్కులకూ విస్తరిస్తుందన్న భావన మాత్రం నేటికీ చెల్లుతూనే ఉంది. దూరాన ఉన్న ఉక్కు పలకను తూటా తాకినప్పుడు ఆ చప్పుడు కాల్చినవాని చెవిని చేరే తీరు ఇందుకు చక్కని నిదర్శనం.

ఒలింపిక్ క్రీడలలో రైఫిల్, పిస్టల్ పోటీలు 10, 25, 50 మీటర్ల దూరాలకే పరిమితం. అంతకు మించిన దూరాలకు గురిపెట్టే క్రీడలు వేరే ఉన్నాయి. మెక్సికోలో పుట్టి అమెరికాకు విస్తరించిన లోహాకృతుల పోటీలో 200 మీటర్ల వద్ద కోడి, 300 మీటర్ల వద్ద పంది, 385 మీటర్ల వద్ద టర్కీ కోడి, 500 మీటర్ల వద్ద పొట్టేలు ఆకారాలను ఉక్కుతో చేసి నిలుపుతారు. మరికొన్ని పోటీలలో వెయ్యి గజాలు, అంతకు మించిన దూరంలో ఉక్కు పలకలను గొలుసులతో వ్రేలాడదీస్తారు. కాగితపు లక్ష్యానికి చిల్లు పడిందో లేదో అంత దూరం నుంచి తెలియదు. ఉక్కు అట్లా కాదు. దెబ్బ తగిలితే తానే పలుకుతుంది.

అయితే ఆ పలుకు వెంటనే వినబడదు. చాకిరేవుకు ఆవలి ఒడ్డున నిలిచి చూచేవారికి ఈ సంగతి సుపరిచితమే. బండమీద బట్ట పడినట్లు ముందు కనిపిస్తుంది, చప్పుడు ఆ తరువాత వినిపిస్తుంది. వెలుతురు కంటిని చేరడానికి పట్టే కాలం లెక్కలోనికి రానంత స్వల్పం. 20 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత గల గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది. వెయ్యి గజాలంటే దాదాపు 914 మీటర్లు. సెకనుకు 800 మీటర్ల వేగంతో రైఫిల్ నుంచి వెలువడిన తూటా గాలి నిరోధం వల్ల క్రమంగా మందగిస్తూ ఆ దూరం చేరడానికి ఒకటిన్నర సెకనుకు పైగా పడుతుంది. పలక చప్పుడు తిరిగి రావడానికి మరి రెండు సెకన్ల ఏడు పదవ వంతులు కావాలి. అంటే మీట నొక్కిన నాలుగు సెకన్లకు పైబడిన తరువాతనే ఫలితం చెవిని పడుతుంది.

శబ్దవేగాన్ని మానవుడు తెలుసుకొన్నది కూడా తుపాకుల సాయంతోనే. 18వ శతాబ్ది తొలినాళ్ళలో ఇంగ్లండులోని అప్‌మిన్‌స్టర్ గ్రామ మతాచార్యుడు విలియం డెర్హామ్ చర్చి గోపురమెక్కి, దూరాన పేలిన తుపాకుల మెరుపును చూచి, చప్పుడు వినవచ్చేదాకా లోలకంతో కాలాన్ని కొలిచాడు. ఇటువంటి ప్రయోగమే మన నేలమీదా జరిగింది. మద్రాసు నక్షత్రశాలలో పనిచేసిన జాన్ గోల్డింగ్‌హామ్ 1820-21 ప్రాంతంలో సెయింట్ జార్జి కోట నుంచీ, సెయింట్ థామస్ కొండ నుంచీ పేల్చే ఫిరంగుల ధ్వనిని నెలల తరబడి పరిశీలించాడు. చలి నెలలలో శబ్దవేగం తగ్గుతున్నదనీ, వేడి నెలలలో పెరుగుతున్నదనీ ఆయన పట్టికలు తెలిపాయి. గాలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ హెచ్చితే శబ్దవేగం సెకనుకు సుమారు 0.6 మీటరు పెరుగుతుందని నేడు మనకు తెలుసు.

ఉక్కు పలక ఎందుకు మ్రోగుతుంది? దేవాలయంలోని జేగంటను తలచుకొంటే సమాధానం దొరుకుతుంది. కొయ్య సుత్తితో కొట్టినప్పుడు జేగంట కంపిస్తుంది, ఆ కంపనం గాలిని కదలిస్తుంది. తూటా తాకినప్పుడు పలకకు జరిగేదీ అదే. త్రాటికి వ్రేలాడే జేగంటను చేతితో అదిమిపెట్టి కొడితే నాదం చచ్చిపోతుంది. అట్లే మట్టిగట్టుకు ఆనించిన పలక పొడిచప్పుడు చేసి ఊరుకొంటుంది. గొలుసులకు స్వేచ్ఛగా వ్రేలాడేది ఖంగుమంటుంది. ఇందుకు గట్టిపరచిన ఉక్కునే వాడాలి. మెత్తని ఉక్కుకు గుంటలు పడి, తూటా తునకలు వెనుకకు చిమ్మే ప్రమాదం ఉంది. తునకలు నేలవైపు మళ్ళడానికి పలకను కాస్త ముందుకు వంచి కట్టడం కూడా ఉన్నది.

పుట్టిన నాదమంతా చెవిని చేరదు. దూరం రెట్టింపయితే ధ్వని తీవ్రత నాలుగవ వంతుకు పడిపోతుంది. 100 మీటర్ల వద్ద ఉన్న తీవ్రతలో 800 మీటర్ల వద్ద మిగిలేది అరవై నాలుగవ వంతు మాత్రమే. పైగా గాలి హెచ్చుస్థాయి స్వరాలను ఎక్కువగా హరిస్తుంది. కనుక దగ్గర ఖంగుమన్న పలక దూరాన మందమైన 'టప్' మాత్రమే. కాల్చినవాని వైపు నుంచి పలక వైపు గాలి వీస్తుంటే, తిరిగి వచ్చే శబ్దం పైకి వంగి తలమీదుగా పోతుంది. నేల కాగిన మధ్యాహ్నం వేళ కూడా అంతే. వేకువన నేల చల్లబడి, పైగాలి వెచ్చగా ఉన్నప్పుడు శబ్దం క్రిందికి వంగుతుంది. దూరాన పోయే రైలుకూత తెల్లవారుజామున స్పష్టంగా వినవచ్చే కారణమిదే.

ఇక్కడ చెవి మోసపోయే అవకాశాలు అనేకం. ధ్వనిని మించిన వేగంతో పోయే తూటా తన వెంట ఒక ఆఘాత తరంగాన్ని లాగుకొనిపోతుంది. 19వ శతాబ్ది చివర ఎర్నెస్ట్ మాక్, పీటర్ సాల్చర్ దానిని ఛాయాచిత్రంలో బంధించి చూపారు. ఆ తరంగం చెట్లకు, గట్లకు తగిలి ప్రతిధ్వనిస్తుంది. రాతికి తగిలిన తూటా చప్పుడూ, ప్రక్కవాని పలక చప్పుడూ తనదేనని భ్రమపడవచ్చు. రామాయణంలో దశరథుడు శబ్దవేధి. సరయూ తీరాన కుండ మునిగే చప్పుడును ఏనుగు ధ్వనిగా ఎంచి బాణం వేశాడు. మునికుమారుడు నేలకొరిగాడు. ఆయన చెవికి శబ్దం సరిగానే వినబడింది. దాని కారణాన్ని ఊహించడంలోనే పొరపాటు జరిగింది. అందుకే నేటి పోటీలలో వేరొక వ్యక్తి దూరదర్శినితో పలక ఊగడాన్నీ, దానిపై పడిన మచ్చనూ గమనిస్తాడు. దెబ్బ తగలగానే వెలిగే దీపాలనూ పలకలకు అమరుస్తారు.

అన్నిటికంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. రైఫిల్ ప్రేలుడు ధ్వని 150 నుంచి 170 డెసిబెల్‌ల వరకు ఉంటుంది. 140 దాటిన ప్రేలుడు ధ్వని ఒక్కసారి తగిలినా వినికిడికి హాని కలగవచ్చు. లోచెవిలోని సూక్ష్మమైన రోమకణాలు ఒకసారి నశిస్తే మరల పుట్టవు. పలక చప్పుడు వినాలన్న ఆతురతతో చెవికప్పులు తీసివేసేవాడు, ముందుగా హెచ్చుస్థాయి స్వరాలను వినే శక్తినే పోగొట్టుకొంటాడు. ఏ ఖంగును వినగోరాడో ఆ ఖంగే అతనికి శాశ్వతంగా దూరమవుతుంది. మెల్లని ధ్వనులను పెంచి, ప్రేలుడును అణచివేసే ఎలక్ట్రానిక్ చెవికప్పులు ఈ చిక్కును చాలవరకు తీర్చాయి.

దూరం నుంచి వచ్చే వార్త ఆలస్యంగా వస్తుంది, బలహీనమై వస్తుంది, ఒక్కొక్కసారి రూపుమారి వస్తుంది. దానిని ఓర్పుతో ఆలకించాలి, కంటితో సరిచూచుకోవాలి. ఆలకించే చెవిని అన్నిటికంటె ముందుగా కాపాడుకోవాలి.