ఆకాశానికెక్కిన అడవి ఆముదం

చలికాలం ఉదయాన కొబ్బరినూనె సీసాను ఎప్పుడైనా బోర్లించి చూశారా? చుక్క కూడా రాలదు. కాసేపు ఎండలో పెడితే గాని నూనె కరగదు.

మరి పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఎగిరే విమానం సంగతేమిటి? అక్కడి గాలి ఉష్ణోగ్రత సున్నాకు సుమారు 50 డిగ్రీలు దిగువన ఉంటుంది. అక్కడ ఇంధనం గడ్డకడితే కరిగించేవారెవరు? అందుకే మన విమానాల్లో వాడే ఇంధనం −47 డిగ్రీల సెంటీగ్రేడు దాకా చల్లబడినా గడ్డకట్టకూడదని నియమం.

అయినా 2018 ఆగస్టు 27న స్పైస్‌జెట్ విమానం ఒకటి, గింజల నూనెతో చేసిన ఇంధనాన్ని కలుపుకొని డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి ఎగిరింది. 75 పాళ్ళు మామూలు ఇంధనం, 25 పాళ్ళు గింజల ఇంధనం. మన దేశంలో అదే మొదటిసారి. ఆ ఇంధనాన్ని తయారుచేసింది డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియం శాస్త్రజ్ఞులు. గింజలు ఛత్తీస్‌గఢ్ రైతులవి. మొక్క మీకు తెలిసిందే, అడవి ఆముదం! కొందరు నేపాళం అంటారు. పశువులు దాని జోలికి పోవు కనుక చేల చుట్టూ కంచెగా వేస్తారు. ఆ గింజలు విషం. మీరు మాత్రం నోట పెట్టకండి.

గింజల్ని గానుగాడి, వచ్చిన నూనెను నేరుగా విమానంలో పోస్తే చాలదా? చాలదు. ఎందుకో చూద్దాం.

ఒక్కొక్క నూనె అణువులో మూడు పొడవైన కర్బన గొలుసులు ఉంటాయి. చాలా గొలుసుల్లో 18 కర్బన పరమాణువులు ఉంటాయి. ఆ మూడింటినీ ఒకచోట కట్టి ఉంచే ముడి దగ్గర ఆరు ఆక్సిజన్ పరమాణువులున్నాయి. విమాన ఇంధనంలో ఉండవలసినవి కర్బనం, హైడ్రోజన్ మాత్రమే. కనుక ముందు ఆక్సిజన్‌ను సాగనంపాలి.

ఇక్కడే ఉత్ప్రేరకం అవసరం పడుతుంది. ఉత్ప్రేరకం అంటే రసాయన చర్య వేగాన్ని పెంచి, చివరకు తాను ఖర్చయిపోకుండా మిగిలే పదార్థం. మన పెళ్ళిళ్ళ పేరయ్య లాంటిదనుకోండి. రెండు వైపుల వారినీ కలుపుతాడు, ముహూర్తం కుదరగానే మరో ఇంటికి బయలుదేరతాడు. ఇంట్లో చూసే వనస్పతి కూడా ఇలాంటి పెళ్ళి ఫలితమే. నికెల్ ఉత్ప్రేరకం సమక్షంలో నూనెకు హైడ్రోజన్‌ను కలిపితే అది గట్టిపడి వనస్పతి అవుతుంది.

ఇంధనం తయారీలో కూడా హైడ్రోజనే కావాలి. అయితే ఇక్కడ వేడి, ఒత్తిడి చాలా ఎక్కువ. నికెల్, మాలిబ్డినం వంటి లోహాల ఉత్ప్రేరకాల మీద, మూడు నాలుగు వందల డిగ్రీల వేడిలో, హైడ్రోజన్ వచ్చి ముడిని విప్పుతుంది. ఆక్సిజన్‌లో కొంత నీరుగా, కొంత కర్బన వాయువులుగా బయటికి పోతుంది. మిగిలేవి తిన్నని కర్బన గొలుసులు.

పని అయిపోయిందా? లేదు! 18 కర్బనాల తిన్నని గొలుసు 28 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. అంటే కొబ్బరినూనె కంటే ముందే! కారణం తేలిక. తిన్నని కందికట్టెలు మోపులో పక్కపక్కనే ఒద్దికగా సర్దుకుంటాయి. కొమ్మలున్న తుమ్మకంప అలా సర్దుకోదు. అణువులూ అంతే. కనుక గొలుసుల్ని కొంత తుంచాలి, కొన్నింటికి కొమ్మలు వేయించాలి. ఈ పనికి సన్నని రంధ్రాలున్న జియోలైట్ వంటి పదార్థాలు తోడ్పడతాయి. ఏ గొలుసు ఎక్కడ తెగాలి, ఎంత తెగాలి అన్నది ఆ రంధ్రాల కొలతను బట్టి చాలావరకు మారుతుంది. మరీ ఎక్కువ తుంచితే వంటగ్యాసు వంటి వాయువు మిగులుతుంది. తక్కువ తుంచితే మైనం మిగులుతుంది. శాస్త్రజ్ఞుల శ్రమంతా ఈ రెండింటి మధ్య దారి పట్టుకోవడంలోనే ఉంది.

ఆ దారి దొరికిందనడానికి సాక్ష్యం, 2020 జనవరి 31న 10 శాతం ఈ ఇంధనం కలిపిన వాయుసేన ఏఎన్-32 విమానం, పదివేల అడుగులకు పైగా ఎత్తున ఉన్న లేహ్ నుంచి, గడ్డకట్టే చలికాలంలో పైకి లేచింది.

ఇంతకీ ఇందులో లాభమేమిటి? ఈ ఇంధనం మండినపుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్, మొక్క పెరిగేటపుడు గాలినుంచి తీసుకున్నదే. కాని లెక్క అంతటితో ముగియదు. కావలసిన హైడ్రోజన్ నేటికీ ఎక్కువగా సహజవాయువు నుంచే వస్తోంది.

అంతకన్నా పెద్ద చిక్కు గింజలది. 2003లో ప్రణాళికా సంఘం వేసిన కమిటీ, బీడు భూముల్లో అడవి ఆముదం విస్తారంగా పెంచమని సలహా ఇచ్చింది. రైతులు నాటారు. ఆశించిన దిగుబడి మాత్రం రాలేదు. నీళ్ళు లేని బీడులో మొక్క బతకడం వేరు, కాయలు కాయడం వేరు! నీళ్ళున్న మంచి నేల ఇద్దామా అంటే, అక్కడ వరీ కందీ పండాలి కదా. ఉత్ప్రేరకం నూనెను ఇంధనంగా మార్చగలదు కాని, గింజను పుట్టించలేదు.

అందుకే ఇప్పుడు అందరి చూపు మనం పారబోసే వాటిమీద పడింది. వడలూ బజ్జీలూ వేయించగా మిగిలి నల్లబడిన నూనెలో కూడా ఆ కర్బన గొలుసులే ఉంటాయి. దాన్ని శుభ్రం చేస్తే ఈ చర్యకు పనికివస్తుంది. ఈ నెలంతా మీ ఇంట్లో అలా మిగిలే నూనెను ఒక సీసాలో పోసి కొలవండి. మీ వీధిలో ఎన్ని ఇళ్ళున్నాయో దానితో గుణించి చూడండి. వచ్చిన అంకెను మీ సైన్సు మాస్టారికి చూపించండి.